పొయ్యిలోకి వెళ్లని కాగితాలు

అమ్మ పోయాక ఆ ఊరికి వెళ్లే పని నాకు దాదాపు లేకుండా పోయింది. ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు ముందు తలుపుకు బూడిద రంగు వేశారని విన్నాను, వెళ్లి చూడలేదు. అందుకే కాలేజీ లైబ్రరీ నుంచి శ్రీలత ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. "ఆంటీ, కీనన్ సార్ కాగితాలు అన్నీ అయిపోవచ్చినయ్. ఒక్క డబ్బా మిగిలింది. దాంట్లయి చీర ముక్కల కట్టి ఉన్నయ్, నేనింకా విప్పలే. ఆన్‌లైన్ల పెట్టకముందు మీరొకసారి చూస్తే మంచిగుంటది," అంది. శ్రీలతది కరీంనగర్. భర్త ఇక్కడ, డబ్లిన్‌కు పడమరగా నేనుండే అత్లోన్‌లోనే, మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఆమె వారంలో కొన్ని రోజులు కారు వేసుకుని ఆ ఊరికి వెళ్లి, కాలేజీ పాత కాగితాలు స్కాన్ చేసి వరస పెడుతోంది. చీర ఏ రంగు అని అడిగాను. ఆకుపచ్చ అంది. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ మూటలో ఏముంటుందో నాకు తెలుసు. కాలేజీ మొదలైన కొత్తలో ఊరి పెద్దలు కొందరు ప్రిన్సిపాల్ కీనన్‌గారికి రాసిన అర్జీ ఒకటి ఉంటుంది. నోరా అనే అమ్మాయిని తరగతిలోకి తిరిగి రానివ్వొద్దని అందులో కోరారు. కింద సంతకాలున్నాయి. వాటిలో ఒకటి మా నాన్నది. నోరా ఇప్పటికీ ఆ ఊళ్లోనే, ఆ సంతకాలు పెట్టినవాళ్ల పిల్లల మధ్య ఉంటోంది. అమ్మ మంచం పట్టిన ఆఖరి నెలల్లో ఆమెను ఒత్తిగిలించి పడుకోబెట్టిందీ, చెంచాతో నీళ్లు పట్టిందీ నోరాయే. "ఈ ఊరు నా చెయ్యి వదల్లేదు" అని ఆమె తరచూ అంటుంది. ఆ కాగితం తెరమీదికి వస్తే నోరా చూస్తుంది. ఆ తర్వాత ఆ మాట ఇక ఆమె నోట రాదు.

మేం ఆ ఊరు వచ్చేనాటికి నేను చిన్నపిల్లను. నాన్న ములింగార్ ఆసుపత్రిలో డాక్టరు. అక్కడ సరైన ఇల్లు దొరక్క కాస్త దూరంలో ఉన్న ఈ ఊళ్లో అద్దెకు తీసుకున్నాం. మాలాంటి ముఖాలు ఇంకెక్కడా లేవు. ఇప్పుడు అత్లోన్‌లో ఏ వీధిలో నిలబడినా తెలుగు మాట చెవిన పడుతుంది, కరివేపాకు దుకాణంలో దొరుకుతుంది. అప్పుడు అమ్మ ఆవాలు వేయించాలంటే కిటికీ తియ్యాలా ముయ్యాలా అని ఆలోచించేది. తీస్తే పక్కింటికి వాసన పోతుంది, మూస్తే కోట్లకు పట్టి నాన్నతో ఆసుపత్రికి వెళ్తుంది. ఊరి వాసన మాత్రం అడక్కుండా మా ఇంట్లోకి వచ్చేది. బురద నేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన టర్ఫ్‌ను అక్కడ అందరూ పొయ్యిలో వేసేవారు. తడి మట్టి కాలుతున్నట్టుండే ఆ పొగ దుప్పట్లలోనూ జడలోనూ ఉండేది. వర్షం పడే రోజుల్లో ఊరంతా ఒకే ఇల్లు అనిపించేది, అయితే అది మనల్ని కనిపెట్టి చూసే ఇల్లు.

పక్కింట్లో కీనన్‌గారు ఒక్కరే ఉండేవారు. భార్య పోయింది. ఊళ్లో అందరికీ చదువు చెప్పే కాలేజీ, అంటే మన హైస్కూలు లాంటిది, ఒకటి పెట్టమని విద్యాశాఖ పైఆఫీసు ఆయన్ను పంపింది గాని, కట్టడం ఇంకా కప్పు దాకా రాలేదు. తరగతులు చెక్క గదుల్లో నడిచేవి, ఆఫీసు ఆయన వంటింటి బల్ల మీద. అమ్మ రాజమండ్రిలో టైపు హయ్యర్ పాసయింది. గోడ అవతల రెండు వేళ్లతో టైపు కొడుతున్న చప్పుడు కొన్ని వారాలు విని, ఇక తట్టుకోలేక ఒకరోజు వెళ్లి తలుపు తట్టింది. అప్పటినుంచి మధ్యాహ్నాలు అమ్మ ఆ వంటింట్లోనే. మా వైపు చదువు చెప్పేవారిని మాస్టారు అంటామని చెబితే ఆయనకు ఆ పిలుపు నచ్చింది. తర్వాత మా ఇంట్లో ఆయనకు ఇంకో పేరు లేదు. వాళ్లు మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, నాకు ఇప్పుడు తెలుగులోనే గుర్తొస్తోంది.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం టీ తాగాక ఆ రోజు కాగితాలను రెండుగా విడదీసేవారు. పైఆఫీసుకు పోవలసినవి తోలు సంచిలోకి, పని తీరిపోయినవి పొయ్యి పక్కనున్న టర్ఫ్ బుట్టలోకి. రేంజి అని పిలిచే ఆ పెద్ద ఇనప పొయ్యిని మర్నాడు రాజెయ్యడానికి ఆ కాగితాలే. ఎందుకు దాచరని అమ్మ ఒకసారి అడిగింది. పని అయిపోయిన కాగితం ఇంట్లో ఉంటే అది ఎవరో ఒకరి మీద పనిచెయ్యడం మొదలుపెడుతుంది, అన్నారట. పిల్లల గురించి, వాళ్ల ఇళ్ల గురించి ఆయనకు వచ్చే ఉత్తరాలు అలాంటివి. ఎవరి తండ్రి తాగుతాడో, ఎవరి తల్లి ఏ మందులు మింగుతుందో, ఎవరు ఎవరి మీద పితూరీ చెప్పారో అన్నీ ఆ బల్లమీదికి వచ్చేవి. సాయంత్రానికి బుట్టలోకి పోయేవి.

మా ఇంట్లో కాగితం కాలికి తగిలితే వంగి తీసి కళ్లకద్దుకోవాలి. నాకు నడక నేర్పినప్పుడే అదీ నేర్పారు. అక్షరం ఉన్న కాగితాన్ని నిప్పులో వెయ్యడం అమ్మ ఊహకు అందని పని. బియ్యం తెచ్చిన పొట్లం కాగితం కూడా మడిచి పెట్టేది. ఒకరోజు తలుపు తీసేసరికి గాలికి మాస్టారి బల్లమీది కరెంటు బిల్లు ఎగిరి అమ్మ పాదం మీద పడింది. ఆమె అలవాటుగా తీసి కళ్లకద్దుకుంది. నేను అక్కడే ఉన్నాను.

"మిసెస్ రావ్, కరెంటు బిల్లుకు కూడా దండం పెడతారా?" అన్నారు మాస్టారు.

"దాని మీదా అక్షరాలే కదండీ మాస్టారూ."

"ఆ అక్షరాలు నేనూ చదివాను. నాకు దండం పెట్టాలనిపించలేదు."

ఆ తర్వాత రేంజి రాజేసే పని అమ్మ తన మీద వేసుకుంది. ఎండు పుల్లలు ఏరి తెచ్చి వాటితోనే వెలిగించేది. బుట్టలో కాగితాలు మాయమైతే అవి కాలిపోయాయని మాస్టారు అనుకున్నారు. అమ్మ వాటిని కూరగిన్నె పెట్టుకునే సంచిలో మా ఇంటికి తెచ్చేది. అక్కడి ఇళ్లలో వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా ఒకటుంటుంది, హాట్ ప్రెస్ అంటారు. తువ్వాళ్లూ దుప్పట్లూ అందులో ఆరతాయి. దాని పై అరలో, చెమ్మ తగలని చోట, పాత చీర ముక్కల్లో కట్టి పెట్టేది. ప్రెస్ తలుపు తీస్తే కర్పూరం, సబ్బు, వేడెక్కిన కాగితం కలిసిన వాసన వచ్చేది. ఊళ్లోవాళ్ల చెత్తంతా మనింట్లో ఎందుకని నాన్న విసుక్కునేవాడు. అసలు ఏముందో చదివావా అని దెప్పేవాడు. "ఏం రాసుందో మనకెందుకండీ? అక్షరం అక్షరమే," అనేది అమ్మ. ఆ మాట అప్పుడు నాకు అమాయకంగా తోచింది. ఇప్పుడు తల్చుకుంటే కొంచెం భయం వేస్తుంది.

నేను ఆ కాలేజీలో చేరాక నోరా నా బెంచీలోనే కూర్చునేది, నన్ను సూ అని పిలిచేది. లెక్కల్లో నాకంటే చురుకు. ఒక చలికాలం ఇంగ్లండులో పెద్దమ్మ దగ్గరికి వెళ్లిందన్నారు. తిరిగి వచ్చేసరికి చేతిలో మగబిడ్డ ఉన్నాడు. బిడ్డను వాళ్లమ్మ చూసుకుంటుంది, నోరా చదువు పూర్తిచేస్తుంది అని ఆమె తండ్రి వచ్చి మాస్టారిని అడిగాడు. ఊరు మాటలు తగ్గించింది. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. నేను రొట్టెల దుకాణంలోకి వెళ్తే మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగి, నేను బయటికి వచ్చాక మళ్లీ మొదలుపెట్టేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టల కొట్టు యజమాని మా ఇంటికి వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. తన తల్లి గుండెను నాన్న ఎంత బాగా చూశాడో చెప్పాడు, అమ్మ పెట్టిన జంతికలను మెచ్చుకున్నాడు, ముట్టలేదు. అప్పుడు కోటు లోపలి జేబులోంచి ఆ కాగితం తీసి భోజనాల బల్లమీద పరిచాడు. మిగతా పిల్లల మంచి కోసమే అన్నాడు. అందరూ పెట్టారు, డాక్టరుగారి పేరు కూడా ఉంటే బరువుగా ఉంటుంది అన్నాడు. నాన్న రెండుసార్లు చదివాడు. పెన్ను కోసం అమ్మవైపు చూశాడు. అమ్మ కదల్లేదు. ఆ పెద్దమనిషే తన పెన్ను ఇచ్చాడు. నాన్న నీలిరంగు సిరాతో, తెలుగు రాసినట్టే గుండ్రంగా, పూర్తి పేరు రాశాడు. ఆయన వెళ్లాక నాన్న ఎవరితోనూ కాకుండా, "మనం ఇక్కడ ఉండాలా వద్దా?" అన్నాడు. అమ్మ జంతికల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మాస్టారు జవాబు చెప్తే అమ్మ టైపు చేసింది. నోరా ఈ వారం నుంచి తరగతికి వస్తుంది అని ఒక్క వాక్యం, అంతే. నేను కాలేజీ నుంచి వస్తూ మాస్టారి గేటు దగ్గరికి వచ్చేసరికి నోరా బిడ్డను బండిలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆగి వెనక్కి, వంటింటి కిటికీవైపు చూస్తోంది. నన్ను పలకరించకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అమ్మ సంచిలోంచి బయటికి వచ్చిన కాగితాల్లో ఆ అర్జీ ఉంది. నాన్న సంతకం నాకు దూరం నుంచే తెలిసింది. అమ్మ మిగతావాటితో పాటు దాన్నీ కళ్లకద్దుకుని, ఆకుపచ్చ చీర ముక్కలో కట్టింది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడలేకపోయాను. ప్రెస్ తలుపు అడ్డంగా ఉంది.

మాస్టారు ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చి మా ఇంట్లో పప్పన్నం తిన్నారు. నాన్నతో ఎప్పటిలాగే వాన గురించి మాట్లాడారు. కాలిపోయిందనుకున్న కాగితం తన తలపైన, మేడమీది ప్రెస్‌లో ఉందని ఆయనకు తెలియదు. నోరా చదువు పూర్తిచేసింది, ఊళ్లోనే పెళ్లిచేసుకుంది, పెళ్లయ్యాక ముసలివాళ్ల సంరక్షణ కేంద్రంలో చాలాకాలం పనిచేసింది. మాస్టారు పోయారు. తర్వాత నాన్న పోయాడు. నోరా అమ్మ దగ్గరికి రావడం ఎప్పుడు మొదలైందో నాకు సరిగా గుర్తులేదు. నేను అత్లోన్ నుంచి వెళ్లినప్పుడల్లా అక్కడే ఉండేది. అమ్మతో మజ్జిగ చారు తాగేది, అమ్మ తిడితే నవ్వేది. ఒక్కటే నాకు వింతగా ఉండేది. అమ్మ దుప్పటి కోసం ప్రెస్ తలుపు తీస్తే నోరా మాట ఆపేసేది. తలుపు మూసేదాకా ఏదో వింటున్నట్టు కూర్చునేది.

కాలేజీ వార్షికోత్సవానికి పిలిస్తే అమ్మ వీల్‌చెయిర్‌లో వెళ్లి, మాస్టారి కాగితాలన్నీ తన దగ్గరున్నాయని అందరి ముందూ చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆమె ముఖంలో అంత గర్వం నేను ఎన్నడూ చూడలేదు. పైఆఫీసుకు పోయిన తోలు సంచి కాగితాలు ఎప్పుడో ఎక్కడో పోయాయి. ఇవాళ ఆ కాలేజీ వ్యవస్థాపకుడి పత్రాలు అంటే ఆయన కాల్చెయ్యాలని పక్కన పెట్టినవి మాత్రమే. అవి కాలేజీకి ఇచ్చిన కొన్నాళ్లకే అమ్మ పోయింది.

శ్రీలత నన్ను కిటికీ లేని గదిలోకి తీసుకెళ్లింది. చల్లగా ఉంది. మూట బల్లమీద పెట్టి, టీ తెస్తానని కదలబోయి ఆగింది. నేను ముడివైపే చూస్తున్నాను. అమ్మ ఎప్పుడూ జారుముడి వేసేది, ఒక కొస లాగితే ఊడిపోవాలి. ఇది పీటముడి. గోళ్లతో విప్పడానికి చాలాసేపు పట్టింది. అర్జీ పైనే ఉంది. మడతల దగ్గర పసుపు తిరిగింది తప్ప చెక్కుచెదరలేదు. నీలి సిరా కూడా అలాగే ఉంది.

ఇది తీసుకెళ్తానన్నాను. శ్రీలత కాగితం చూసింది, నన్ను చూసింది, చదవలేదు. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు గాని, ఒక కాగితం పోయిందని తాను రాసిపెట్టాలి అని చెప్పింది. రాసుకోమన్నాను. ఈ ముడి ఎవరు వేశారని అడిగాను.

"నాకంటె ముందు చేసినామె విప్పిందేమో ఆంటీ. ఆమె కొన్ని డబ్బాలు స్కాన్ చేసి పోయింది, ఏవేవి చేసిందో సరిగ రాయలే. చేస్తే ఆ కాపీలు డబ్లిన్ల కంప్యూటర్లల్ల ఉంటయ్. నాకు కనిపియ్యవు. సోమవారం అడుగుత."

మాస్టారి రోజుల్లో కాగితానికి చావు ఉండేది. బుట్టలోకి వెళ్లి, నిప్పులోకి వెళ్లి, పొగై ఊరంతా పరుచుకునేది, ఎవరూ దాన్ని తిరిగి చదవలేకపోయేవారు. ఇప్పుడు కాగితం చేతిలో ఉన్నా, అది ఇంకెక్కడ ఉందో తెలియదు. కారులో కూర్చున్నాక మాస్టారి పని నేను పూర్తిచెయ్యాలనిపించింది. అత్లోన్‌లో మా కొత్త ఇంట్లో నిప్పు లేదు. పొగగొట్టం లేదు, గాలిలోంచి వేడి తీసే యంత్రం గోడ బయట గొణుగుతూ ఉంటుంది. చింపి చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు, నేను అమ్మ కూతుర్ని. నాకు తెలిసినవాళ్లలో ఇంకా రేంజి వెలిగించేది ఒక్క మనిషే. ఆమె ఇల్లు ఆ వీధి చివరనే ఉంది, ఆమె అటు తిరిగినప్పుడు పొయ్యిలో వేసెయ్యొచ్చనుకున్నాను.

నోరా వంటిల్లు టర్ఫ్ వాసనతో వెచ్చగా ఉంది. ఆమె కెటిల్ పెట్టింది, మనవడి పరీక్షల సంగతి చెప్పింది. నేను సంచీ ఒళ్లోనే పెట్టుకున్నాను. లైబ్రరీకి వెళ్లొచ్చావా అని అడిగింది. అవునన్నాను.

"ఆకుపచ్చ మూటేనా?" అంది.

ఆ మూట సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. కుర్చీ జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు కీనన్ సార్ ఆ కాగితం నాకే ఇచ్చారు, సూ. చదివి నీ చేత్తోనే పొయ్యిలో వెయ్యి, దాంతో సరి అన్నారు. చదివాను. మీ నాన్న పేరు చూశాను. బాబు ఏడుస్తున్నాడు, బుట్టలో పడేసి బయటికి వచ్చేశాను. గేటు దగ్గర వెనక్కి తిరిగితే మీ అమ్మ దాన్ని తీసి మడతపెట్టి సంచిలో పెట్టుకుంటోంది."

నేను ఒళ్లోని సంచీ తీసి బల్లమీద పెట్టాను.

"ఎందుకు తీసుకుందో నాకు తెలియదు. ఎప్పుడు బయటపెడుతుందా అని చూస్తూనే ఉన్నాను. పెళ్లప్పుడు చూశాను. బాబుకు గార్డుల్లో పోలీసు ఉద్యోగం వచ్చినప్పుడు చూశాను. ఒకసారి దుప్పటి తీస్తుంటే ఆ మూట కనిపించింది, అప్పట్నుంచి రంగు కూడా తెలుసు."

"అందుకేనా అమ్మ దగ్గరికి రోజూ వచ్చేదానివి?"

"మొదట అందుకే. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత మీ అమ్మ కోసమే. ఏది ఎప్పుడు మారిందో నన్నడక్కు."

అప్పుడు ఆమెకు చెప్పాను. కాలికి తగిలిన కాగితం గురించి, చదువుల తల్లి గురించి, బియ్యం పొట్లాల గురించి. అమ్మ ఎవరి మీదా ఏదీ దాచలేదని, దాచింది అక్షరాలనేనని చెప్పాను. చెబుతుంటే అది నాకే అబద్ధంలా వినిపించింది. అమ్మ ముఖానికి అడ్డంగా ఉన్న ఆ తలుపు నాకు గుర్తొచ్చింది. ఆ సంగతి నోరాకు చెప్పలేదు. ఒక ఊళ్లో ఒక ఆడపిల్ల జీవితమంతా పక్కింటి ఆడమనిషిని చూసి భయపడింది. ఆ ఆడమనిషి మాత్రం కాగితాలకు దండం పెట్టుకుంటూ గడిపింది. అంతకుమించి ఏమీ లేదని నేను నమ్ముతున్నాను. నమ్మకపోతే ఎలా ఉండాలో నాకు తెలియదు.

"కరెంటు బిల్లు కూడానా?" అంది నోరా చివరికి.

"కరెంటు బిల్లు కూడా."

ఆమె నవ్వలేదు గాని, భుజాలు కొంచెం దిగాయి. లేచి ఇనప కొక్కెంతో రేంజి మూత ఎత్తి పట్టుకుంది. నేను కాగితం తీశాను. ఆమె చూస్తుండగానే నా చెయ్యి దాన్ని కళ్ల దాకా తీసుకెళ్లింది, ఆపుకోలేకపోయాను. తర్వాత లోపల పెట్టాను. ఎండు కాగితం, త్వరగానే అంటుకుంది. నోరా పైన టర్ఫ్ వేసి మూత దించింది.

"అయితే ఇంతేనా?" అంది.

అబద్ధం చెప్పడానికి అది చోటు కాదు. పీటముడి గురించి, ముందు పనిచేసినామె గురించి, డబ్లిన్‌లో ఉందో లేదో తెలియని కాపీ గురించి చెప్పాను. సోమవారం తెలుస్తుందన్నాను. ఆమె కొక్కెం గోడకు తగిలించి, వచ్చి కూర్చుని, నా కప్పు తన దగ్గరికి లాక్కుని టీ పోసింది.

"గ్రాండ్," అంది నోరా, ఆ ఊళ్లో సరేకు అదే మాట. "సోమవారం దాకా చూద్దాం. చూస్తూ కూర్చోవడం నాకు కొత్త కాదు."